ఆమోదించిన సరస్సు

గంటివలస కోలుకుందన్న సంగతి గంటివలస జనానికి ప్రభుత్వం ఉత్తర్వు వేశాకే తెలిసింది. అప్పటిదాకా వాళ్ళు ఏదో బతుకుతున్నామనే అనుకున్నారు. జూట్ మిల్లులు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాక ఊళ్ళో సగంమంది విశాఖపట్నం వెళ్ళిపోయారు. మిగిలిన సగంమంది వెళ్దామా వద్దా అని ఆలోచిస్తూ ఉండిపోయారు. ఉండిపోయినవాళ్ళకు ఆకలి వేస్తుంది కదా. అందుకని అన్నిటికన్నా పెద్ద మిల్లు ఖాళీ షెడ్లలో ఒకరు పచ్చళ్ళు పెట్టి అమ్మడం మొదలెట్టారు, ఒకరు గుడ్డసంచులు కుట్టించారు, ఒకరు గ్రైండర్ల రిపేరు షాపు తెరిచారు, ఇంకొకాయన ఎవరూ అడక్కపోయినా కరాటే స్కూలు పెట్టాడు.

ఈ కదలికను ప్రభుత్వం గమనించింది. గమనించాక ఊరుకోవడం ప్రభుత్వానికి చేతకాదు. ‘గంటివలస నగర పునరుజ్జీవన సంస్థ’ అని ఒకటి పుట్టించి, మిల్లు స్థలాలన్నీ దాని చేతిలో పెట్టి, దానికి రెండంతస్తుల భవనం కట్టించి, ఆ భవనంలోకి శ్రీ భువనమోహనరావు గారనే ప్రత్యేకాధికారిని పంపింది. నగరం తనంతట తానే కోలుకుంటూ ఉండటంతో సంస్థకు చెయ్యడానికి పని దొరకలేదు. పని లేని సంస్థకు మొట్టమొదట కావలసింది వెబ్‌సైటు.

ఆ అవకాశం గౌరీశ్వరికి వచ్చింది. ఒకప్పుడు జనపనార మోపులు తూచిన కాటా గదిలో ఆమె ‘గౌరీశ్వరి వెబ్ డిజైన్స్’ నడుపుతోంది. నడుపుతోంది అంటే ఆమె బొమ్మలూ రంగులూ చూసుకుంటుంది, కుర్రాడికీ పెద్దవాడికీ మధ్య వయసులో ఉన్న తవిటినాయుడనే ఇంజనీరు మిగతాదంతా చూసుకుంటాడు. పచ్చళ్ళవాళ్ళ సైటు, సంచులవాళ్ళ సైటు, కరాటే ఆయన సైటు అన్నీ ఆ గదిలోనే పుట్టాయి. కిటికీకి ఆమె తనే నీలంరంగు వేసుకుంది. ఆ కిటికీలోంచి చూస్తే మిల్లు గేటు, గేటు పక్కన అప్పయ్యమ్మ టీ కొట్టు కనిపిస్తాయి. మిల్లు మూతపడి ఆవరణలో మనిషి మసలని ఏళ్ళలో కూడా పొయ్యి ఆర్పని మనిషి అప్పయ్యమ్మ. మళ్ళీ అక్కడికి జనం రావడం మొదలెట్టింది ఆ పొయ్యి చూసేనని గౌరీశ్వరి గట్టి నమ్మకం.

సైటులో పెట్టడానికి నగరం ఫోటోలూ వివరాలూ ఇమ్మని ఆమె సంస్థ సూపరింటెండెంటు కామేశం గారిని అడిగింది. “విషయం పరిశీలనలో ఉన్నది” అన్నారాయన. మళ్ళీ అడిగింది. “లోతైన పరిశీలనలో ఉన్నది” అన్నారు. ఇంకోసారి అడిగితే, ముందు నమూనా చూపిస్తే దాన్నిబట్టి వివరాలు ఇస్తామన్నారు.

ఈ వృత్తిలో ఒక ఆచారముంది. అసలు సరుకు వచ్చేదాకా ఖాళీలు ఖాళీగా వదలరు, ఏదో ఒక డమ్మీ పెడతారు. పెళ్ళికొడుకు ఇంకా పీటలమీదకు రాకముందు ఫోటోగ్రాఫరు ఎవరో బాబాయిని అక్కడ కూర్చోబెట్టి లైటు చూసుకుంటాడే, అలాగన్నమాట. పెళ్ళికొడుకు రాగానే బాబాయి లేస్తాడు. గౌరీశ్వరి కూడా అలాగే చేసింది. మొదటి పేజీ నిండా ఇంటర్నెట్టులో దొరికిన ఏదో దేశపు సరస్సు ఫోటో పెట్టింది. నీలం నీళ్ళు, బారులు తీరిన తెల్లకొంగలు, వెనకాల పొగమంచు. ‘మా సేవలు’ అన్నచోట ‘సేవ ఒకటి, సేవ రెండు, సేవ మూడు’ అని రాసింది. ‘పార్కులు’ అన్నచోట బూడిదరంగు డబ్బా ఒకటి గీసి లోపల ‘ఫోటో ఇక్కడ’ అని పెట్టింది. ‘పౌరుల మాట’ అన్నచోట నవ్వుతున్న ఒక పెద్దమనిషి బొమ్మ పెట్టి, కింద ‘ఈ నగరంలో పుట్టడం నా అదృష్టం: నమూనారావు, పౌరుడు’ అని రాసింది. సరస్సుకు పటంలో ఒక గుర్తు కావాలి కదా. పటం పనిచేస్తోందో లేదో చూడటానికి డిజైనర్లందరూ చేసే పనే తవిటినాయుడూ చేశాడు. తామున్నచోటే, కాటా గదిమీదే గుర్తు పెట్టాడు.

ఆ పేజీలన్నీ కాగితాలమీద ముద్రించి పట్టుకెళ్ళారు.

భువనమోహనరావు గారు కాగితాలు చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు.

“కామేశం గారూ, మన నగరం ఇంత అందంగా ఉంటుందని నాకు ఇన్నాళ్ళూ ఎవరూ నివేదించలేదేం?”

“తమరు భవనం వదిలి బయటికి రావడానికి తీరిక చిక్కలేదు సార్” అన్నారు కామేశం గారు.

“సర్, అవి డమ్మీ ఫోటోలండి” అంది గౌరీశ్వరి. “అసలువి మీరిస్తే మార్చేస్తాం.”

ఈ మాట ఎవరికీ వినపడలేదు. ఎందుకంటే అప్పటికే కామేశం గారు ప్రతి పేజీమీదా గుండ్రటి ముద్ర వేస్తున్నారు, ఆ చప్పుడుకు అద్దాలు అదురుతున్నాయి. ప్రతి ముద్ర కిందా ప్రత్యేకాధికారి ‘ఆమోదించడమైనది’ అని రాసి సంతకం పెట్టారు. సరస్సుమీద పెట్టారు. కొంగలమీద పెట్టారు. నమూనారావు గారి బుగ్గమీద కూడా పెట్టారు.

వారం తిరక్కుండానే గౌరీశ్వరి స్వయంగా ఊరంతా తిరిగి తీసిన ఫోటోలు పట్టుకుని కామేశం గారి దగ్గరకు వెళ్ళింది. షెడ్ల వరస, పచ్చళ్ళ జాడీలు, సాయంత్రం ఎండలో మిల్లు పొగగొట్టం. ఫోటోలు నిజంగా బాగున్నాయి. కామేశం గారు వాటిని వేలితో ముట్టుకోకుండా చూశారు.

“ఇవి ఎవరు ఆమోదించారు?”

“ఎవరూ లేదండి. ఉన్నది ఉన్నట్టు తీశాను.”

“అమ్మా, మీరు చిన్నవారు, అనుభవం చాలదు. ఆమోదించిన దాన్ని మార్చాలంటే ఆమోదించినవారు పొరబడ్డారని మనం రాతపూర్వకంగా తెలియజేయాలి. సదరు అధికారి పొరబడటానికి నిబంధనల్లో వీలు లేదు. కాబట్టి మార్పు కుదరదు.”

“కానీ మనూళ్ళో సరస్సు లేదు కదండీ!”

“అది సైటు లోపం కాదు” అన్నారు కామేశం గారు శాంతంగా. “నగరం లోపం. సైటుకు భిన్నంగా నగరం ప్రవర్తిస్తున్నదని మేమూ గమనించాం. తగు చర్య తీసుకుంటాం.”

గౌరీశ్వరి ఆ మాటను వేళాకోళం అనుకుని నవ్వింది. కామేశం గారు నవ్వలేదు.

తగు చర్యకు పేరు ‘నగర అనుగుణీకరణ పథకం’. సైటులో ఏముందో నగరంలో అది ఉండాలి, సైటులో లేనిది నగరంలో ఉండనక్కర్లేదు. వినడానికి ఇంతకన్నా సబబైన పథకం ఉండదు. సైటు తాళం, అంటే దాన్ని మార్చడానికి కావలసిన పాస్‌వర్డు, లక్క ముద్ర వేసిన కవరులోకి, ఆ కవరు బీరువాలోకి వెళ్ళిపోయాయి.

పథకం సేవలతో మొదలైంది. సంస్థ భవనం కింది అంతస్తులో మూడు కౌంటర్లు తెరిచారు. ఒకదానిమీద ‘సేవ ఒకటి’, పక్కదానిమీద ‘సేవ రెండు’, చివరిదానిమీద ‘సేవ మూడు’ అని ఇత్తడి బోర్డులు. ఒక్కో కౌంటరుకీ ఒక గుమాస్తా, గుమాస్తాకి ఒక సహాయకుడు, ఇద్దరిమీదా ఒక పర్యవేక్షకుడు. ఏ సేవ చేయాలో వాళ్ళకూ తెలీదు. అయినా మన జనానికి కౌంటరు కనిపిస్తే చాలు, వరసలో నిలబడిపోతారు. తవిటినాయుడి తల్లి కూడా నిలబడింది. సేవ రెండులో ఆమెను ‘ముందు సేవ ఒకటి పూర్తిచేసుకు రావాలి’ అన్నారు, సేవ ఒకటిలో ‘మీకు ఇదివరకే పూర్తయింది’ అన్నారు, సేవ మూడులో చేతిమీద ముద్ర వేసి పంపించారు.

“ఏటి పనయ్యిందే అమ్మా?” అని తవిటినాయుడు అడిగితే, “ఏటో గానీ, గబుక్కున అయిపోనాదిరా. పెబుత్వం ఇంత మర్యాదగా మాటాడ్డం నానెప్పుడూ సూళ్ళేదు” అందామె సంతోషంగా.

తర్వాత పార్కు. రైల్వేస్టేషను ఎదురుగా ఉన్న పార్కులో గులాబీలు పీకేసి, నేలా గోడా బెంచీలూ అన్నిటికీ బూడిదరంగు కొట్టి, మధ్యలో ‘ఫోటో ఇక్కడ’ అని పెద్ద బోర్డు పాతారు. ఊళ్ళో కొత్తగా పెళ్ళైన జంటలు దాని కింద నిలబడి ఫోటోలు తీసుకోవడం మొదలెట్టారు. పార్కుకు ఇంత ఆదరణ ఇంతకుముందెప్పుడూ లేదని సంస్థ ప్రకటించింది. అది నిజమే కూడా.

నమూనారావు గారి సంగతే కాస్త చిక్కయింది. సైటులో ఉన్న ఏకైక పౌరుడు ఆయనే గనక ఉత్తమ పౌరుడు కూడా ఆయనే కావాలి. సన్మానం ఏర్పాటు చేశారు. ఆహ్వానం పట్టుకుని సిబ్బంది ఊరంతా తిరిగి, ‘ఇంటికి తాళం వేసి ఉన్నది’ అని రాసుకొచ్చారు. సభలో ఖాళీ కుర్చీకి శాలువా కప్పి, దండ వేసి, కుర్చీ నిరాడంబరతను భువనమోహనరావు గారు అరగంట కొనియాడారు. జనం చప్పట్లు కొట్టారు. గౌరీశ్వరి కూడా కొట్టింది, ఏం చేస్తుంది పాపం. నమూనారావును కన్నది తనే. కన్నతల్లి చప్పట్లు కొట్టకపోతే బాగుండదు.

ఇంతవరకూ ఎవరికీ పెద్ద నష్టం లేదు. ఆమె ఇంటికెళ్ళి నవ్వుకునేది కూడా. తవిటినాయుడైతే సేవ మూడు ముద్ర వేయించుకుని వచ్చి ఆవరణలో అందరికీ చూపించేవాడు.

ఒక ఉదయం మిల్లు ఆవరణలోకి జీపు వచ్చింది. నలుగురు దిగి, ఫోనులో పటం చూసుకుంటూ, తాళ్ళు పట్టుకుని కొలుస్తూ కొలుస్తూ సరిగ్గా కాటా గది గుమ్మంలోకి వచ్చి ఆగారు. ఒకాయన సున్నంతో గడపమీద గుండ్రంగా గీత గీశాడు.

“ఇదేమిటండీ?” అంది గౌరీశ్వరి.

“సరస్సు నడిబొడ్డండి. ఇక్కడినుంచి గేటు దాకా నీళ్ళు, గేటు దగ్గర కొంగలు.”

గౌరీశ్వరికి పటంమీద తాము పెట్టిన గుర్తు అప్పుడు గుర్తొచ్చింది. పచ్చళ్ళ షెడ్డు నీళ్ళలో. సంచుల షెడ్డు నీళ్ళలో. కరాటే స్కూలు నీళ్ళలో. కొంగలు నిలబడాల్సిన చోట అప్పయ్యమ్మ టీ కాస్తోంది. నెలాఖరులోగా అందరూ ఖాళీ చెయ్యాలని నోటీసు అంటించి జీపు వెళ్ళిపోయింది.

విషయం అప్పయ్యమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి గౌరీశ్వరికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిడ చేతిలో టీ వడపోసే గుడ్డ కిందపెట్టింది.

“అయితే నువ్వేనేటే సేసింది?”

“నేనే పిన్నీ. ఊరికే ఖాళీ కనపడకూడదని...”

“ఊరికేనా! మిల్లు మూసీసినోళ్ళు కూడా నా పొయ్యి జోలికి రాలేదే. జప్తుకొచ్చినోళ్ళు సయితం టీ తాగీసి ఎల్లిపోనారు. నువ్వు కూకున్న సోటు కదలకుండా, బొమ్మెట్టి ముంచీసినావు కదే గుంటా!”

గౌరీశ్వరికి ఏడుపొచ్చింది. ఆవిడ తిట్టినందుకు కాదు, ఆవిడ తిట్టిందాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కానందుకు. అప్పయ్యమ్మ కాసేపు చూసి, టీ పోసి ముందు పెట్టి, “తాగు ముందల. తరవాత ఏడుద్దువు గాని” అంది.

ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. నిబంధన అది. ఆవరణలో ఉన్నవాళ్ళంతా వచ్చారు. కరాటే ఆయన తెల్లబట్టలతోనే వచ్చాడు. అప్పయ్యమ్మ లేచి నిలబడి, తన కొట్టు తియ్యడానికి వీల్లేదని, తీస్తే అక్కడే కూర్చుంటానని గట్టిగా చెప్పింది. కామేశం గారు ఎంతో మర్యాదగా విన్నారు.

“అమ్మా, తమరు సైటులో ఉన్నారా?”

“నాకేటి తెలుసు బాబూ. నాను గేటుకాడుంటాను.”

“పౌరుల విభాగంలో తమరి పేరు కనిపించడం లేదు. అక్కడ ఉన్నది శ్రీ నమూనారావు గారు ఒక్కరే. వారికి అభ్యంతరమేమైనా ఉన్నదా?” అని కామేశం గారు సభవైపు తిరిగి ముమ్మారు పిలిచారు. నమూనారావు గారు పలకలేదు. “అభ్యంతరం తెలుపలేదు కనుక, పౌరులు సరస్సుకు ఏకగ్రీవంగా సమ్మతించినట్టు నమోదు చేయడమైనది.”

గౌరీశ్వరి భువనమోహనరావు గారి గదిలోకి దాదాపు తోసుకునే వెళ్ళింది.

“సర్, ఆ తప్పు నాది. నాకు ఏ శిక్ష కావాలంటే ఆ శిక్ష వెయ్యండి. ఒక్కసారి ఆ పాస్‌వర్డు ఇవ్వండి, ఆ గుర్తు తీసేస్తాను. అక్కడ మనుషులు బతుకుతున్నారండి. ఇప్పుడిప్పుడే బతుకుతున్నారు.”

ప్రత్యేకాధికారికి నిజంగానే జాలి వేసింది. ఆయన చెడ్డవాడేమీ కాదు.

“చూడమ్మా. నీ ఆవేదన నేను సానుభూతితో పరిశీలించాను. ఆ సరస్సును ప్రేమించినంతగా ఈ నగరంలో నేను దేన్నీ ప్రేమించలేదు. వచ్చే నెల పైనుంచి తనిఖీ బృందం వస్తున్నది. వారు సైటు చేతపట్టుకుని నగరాన్ని సరిచూస్తారు. సరస్సు లేకపోతే నగరం కోలుకోలేదని రాస్తారు. కోలుకోకపోతే ఈ సంస్థ ఎందుకు? సంస్థ లేకపోతే నగరాన్ని కోలుకునేలా చేసేదెవరు?”

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉంది గానీ, చెబితే పని చెడుతుందని ఊరుకుంది.

బయటికి వస్తుంటే కామేశం గారు వరండాలో ఆపారు. ఆయన మొహంలో మొదటిసారి చెమట కనిపించింది. “ఒక చిన్న విషయం. సైటులో ‘మమ్మల్ని సంప్రదించండి’ అన్నచోట పటం ఖాళీగా ఉన్నది. మా కార్యాలయం ఎక్కడున్నదో గుర్తు లేదు. తనిఖీ బృందం మమ్మల్ని ఎలా కనుక్కుంటారు?”

“మార్పు కుదరదన్నారు కదండీ?”

“ఇది మార్పు కాదమ్మా, చేర్పు. చేర్పుకు అభ్యంతరం లేదు. రేపు నమూనా పట్టుకురండి, బీరువా తెరిపిస్తాను.”

గౌరీశ్వరి కాటా గదికి తిరిగి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. తర్వాత పటం తెరిచి, సంస్థ గుర్తును తీసుకొచ్చి పెట్టింది. తవిటినాయుడు వంగి చూశాడు.

“అక్కా, అది మన గది.”

“తెలుసు.”

“ఆల్ల బిల్డింగు టేసను రోడ్లో కదా ఉంది.”

“నాకు తెలీదా నాయుడూ? సరస్సు గుర్తు ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఇదీ ఉండాలి. కాస్త పక్కకు జరిగిందనుకో, సరస్సు ఒడ్డున ఆఫీసు అని మురిసిపోయి ఇంకో మేడ కడతారు. గవర్నమెంటు ఆఫీసును తవ్వాలంటే ఆ ఆఫీసే పర్మిషన్ ఇవ్వాలి. వాళ్ళు ఏ పర్మిషనైనా ఇస్తారు గానీ తమను తవ్వమని ఇవ్వరు.”

తవిటినాయుడికి వెలిగింది. ముందు నవ్వాడు. తర్వాత గది చుట్టూ చూసి నవ్వు ఆపేశాడు.

“మరి మనమో? ఆఫీసు ఈ గదిలోకి వచ్చీస్తాది కదా.”

ఆవరణ మొత్తంలో పోవలసిన గది ఒక్కటే ఉంటే అది తనదే కావడం న్యాయమని ఆమెకు తోచింది. తోచినంత మాత్రాన బాధ లేకుండా పోలేదు. నీలంరంగు కిటికీ రెక్క ఒకసారి తెరిచి, ఒకసారి మూసి, పేజీ ముద్రణకు ఇచ్చింది.

మర్నాడు భువనమోహనరావు గారు ఆ కాగితంమీద సంతకం పెట్టారు. పటం చిన్నది, కళ్ళద్దాలు బల్లమీద ఉన్నాయి, పైగా తన సంస్థ ఎక్కడున్నదో తనకు తెలియకపోవడమేమిటి? ముద్ర పడింది. బీరువా తెరుచుకుంది. చేర్పు జరిగింది.

జేసీబీ మిల్లు గేటు దాకా వచ్చింది. దానితో వచ్చిన ఇంజనీరు చివరిసారి సైటు చూసుకుని, యంత్రం ఆపించి, సంస్థకు పరుగెత్తాడు. కాసేపటికి గౌరీశ్వరికి కబురొచ్చింది. ఆమె వెళ్ళేసరికి ప్రత్యేకాధికారి గదిలో ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు.

“సదరు కార్యాలయం సదరు సరస్సులో ఉన్నది సార్” అంటున్నాడు ఇంజనీరు.

“ఏ కార్యాలయం?”

“తమరిదే సార్.”

భువనమోహనరావు గారు తాను కూర్చున్న కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. “అయితే నేనిప్పుడు ఎక్కడున్నాను?”

కామేశం గారు ఫోను తెరిచి, పటం చూసి, కళ్ళు దించుకున్నారు. “సైటు ప్రకారం తమరు సరస్సు నడిబొడ్డున ఉన్నారు సార్.”

కింది అంతస్తునుంచి సేవ రెండు వరసలో జనం గొడవ వినిపిస్తోంది.

“ఈ గుర్తు తప్పని రాయవచ్చునా?” అన్నారు ప్రత్యేకాధికారి నీరసంగా.

“తమరు ఆమోదించారు సార్.”

“అవునవును. తప్పు కాదు.” ఆయన గౌరీశ్వరివైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, వరదలో చిక్కుకున్న మనిషి చూసే చూపు. “అమ్మాయీ, నువ్వేమంటావు?”

“నేనేమంటానండి. నగరం సైటుకు భిన్నంగా ప్రవర్తిస్తోంది” అంది గౌరీశ్వరి.

ఆ రోజు సంస్థను కాపాడింది కామేశం గారే. ముప్ఫయ్యేళ్ళ సర్వీసు ఊరికే పోదు. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించి, ఒక్కసారిగా తెరిచారు.

“సార్! ఇద్దరు ఉద్యోగులు ఒకరి స్థానం ఒకరు కోరుకుంటే మనం ఏం చేస్తాం? పరస్పర బదిలీ చేస్తాం. కార్యాలయాన్ని సరస్సు స్థానంలోకి, సరస్సును కార్యాలయ స్థానంలోకి బదిలీ చేస్తే ఉభయుల సీనియారిటీకీ భంగం ఉండదు. సరస్సు సైటులో ఎక్కడికీ పోదు, అది డిప్యుటేషన్‌మీద ఇక్కడ పనిచేస్తుంది.”

భువనమోహనరావు గారు లేచి నిలబడి కామేశం గారికి చేతులు జోడించారు.

సంస్థ భవనం పగలగొట్టడానికి పది రోజులైనా పట్టలేదు. కట్టిన కాంట్రాక్టరు అంత నిజాయితీపరుడు. జేసీబీలు తవ్వుకుపోయాయి. అదే వారం తుపాను పట్టింది, గొయ్యి నిండింది. ‘సరస్సు ఈ రోజు పూర్వాహ్నం విధులలో చేరినది’ అని కామేశం గారు పైకి నివేదిక పంపారు. సేవ ఒకటి, రెండు, మూడు కౌంటర్లు గట్టుమీద గొడుగుల కింద పెట్టారు, వరస ఎక్కడా తెగలేదు. సిమెంటు కొంగల్ని బారుగా నిలబెట్టారు. ఒక రోజు నిజం కొంగ ఒకటి వచ్చి వాటి మధ్య వాలింది. బారు తప్పి నిలబడినందుకు దాన్ని వాచ్‌మన్ అదిలించాడు. తనిఖీ బృందం వచ్చి చూసి, నగరం పూర్తిగా కోలుకుందని రాసి, సరస్సు గట్టున ఫోటోలు దిగి వెళ్ళింది.

ఇక కార్యాలయం కూడా విధుల్లో చేరింది, కాటా గదిలో. భువనమోహనరావు గారి పెద్ద బల్ల గుమ్మంలో పట్టక, గుమ్మం పగలగొట్టి లోపలికి తీసుకెళ్ళారు. నీలంరంగు కిటికీకి ఆకుపచ్చ తెర వేశారు. గౌరీశ్వరి, తవిటినాయుడు కంప్యూటర్లు ఎత్తుకుని అప్పయ్యమ్మ కొట్టు పక్కన రేకుల కిందికి చేరారు. పచ్చళ్ళవాళ్ళు బల్ల ఇచ్చారు, సంచులవాళ్ళు ఎండ తగలకుండా గుడ్డ కుట్టి కట్టారు, కరాటే ఆయన కుర్చీలు మోశాడు. ఎవరి షెడ్డులో వాళ్ళు ఉన్నారు. వాన జల్లు పడితే కంప్యూటర్లమీద గుడ్డ కప్పి ఆగిపోవాలి. ఆ కాసేపూ టీ తాగొచ్చు కాబట్టి తవిటినాయుడు వానలకు పెద్దగా బాధపడడు.

ప్రత్యేకాధికారికి కూడా టీ అలవాటైంది. సైటులో టీ కొట్టు లేదు గనక అధికారికంగా ఆయన టీ తాగడం లేదు. రోజూ ఉదయమూ సాయంత్రమూ కామేశం గారు తెర పక్కకు జరిపి వేళ్ళతో ఎన్ని గ్లాసులో చూపిస్తారు, గ్లాసులు లోపలికి వెళ్తాయి, ఖాళీగా బయటికి వస్తాయి. మధ్యలో ఏం జరిగిందో ఏ రికార్డులోనూ లేదు.

ఒక సాయంత్రం బేరం తగ్గాక అప్పయ్యమ్మ చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, వచ్చి గౌరీశ్వరి బల్ల ఎదుట కూర్చుంది. ఏదో అడగాలని వచ్చిన మనిషి కూర్చున్నట్టు కూర్చుంది.

“గౌరీ, నా కొట్టు కూడా ఎక్కించీయవే, సైట్లో. ఆవేళ మీటింగులో ఆ బాబు నన్ను నువ్వున్నావా అనడిగినాడు. లేనని అందరి ముందరా సెప్పీసినాడు. ఇన్నేళ్ళు గేటుకాడున్నాను, నాను లేనేటి? మంచి బొమ్మెట్టి పెట్టు. కాయితాలు నానే అట్టుకెళ్ళి ఆ బాబు సేత ముద్దరేయించుకుంటాను.”

వెబ్‌సైటు వద్దన్న మనిషిచేత కావాలనిపించడమే గౌరీశ్వరి ఇన్నాళ్ళూ చేసిన వ్యాపారం. కోరి వచ్చిన మొదటి మనిషి ఈవిడే. ఆమె అప్పయ్యమ్మ వెనక వెలుగుతున్న పొయ్యిని చూసింది. మసిబారిన గిన్నెను, బెంచీమీద కాళ్ళు చాపుకుని కూర్చున్న సంచుల షెడ్డు ఆడవాళ్ళను, కిటికీ తెర సందులోంచి బయటికి వచ్చిన రెండు వేళ్ళను చూసింది.

“నేను చెయ్యను పిన్నీ” అంది.

“అదేటే? అందరికీ సేసినావు. నాకు సెయ్యడానికేటి?”

“నీకు చెయ్యను.”

అప్పయ్యమ్మకు కోపమొచ్చి లేచిపోబోయింది. గౌరీశ్వరి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఆ సైట్లోకి ఎక్కినవన్నీ ఏమయ్యాయో చూశావు కదా. ఈ ఊళ్ళో నువ్వొక్కదానివే ఇంకా నిజంగా ఉన్నావు. ఉండు పిన్నీ. లోపల సార్లకి రెండు టీలట, పోసివ్వు.”